42 ఎకరాలు, మేకలు వెళ్ళిపోయాయి, దుప్పులు ఉన్నాయి: పన్ను రాయితీ నిలుస్తుందా?

రాళ్ళగుట్ట

టెక్సాస్‌లో ఆస్టిన్‌కు పడమట హిల్ కంట్రీలో మాకు 42 ఎకరాల రాతి నేల ఉంది. కొన్నప్పటి నుంచీ పక్క రాంచ్ పెద్దాయన తన మేకలను మా దాంట్లో మేపుకునేవాడు. ఆ మేకల పుణ్యాన మాకు వ్యవసాయ భూమి లెక్కన పన్ను పడేది. ఆయనకు వయసు మీద పడి నిరుడు చలికాలంలో మందను అమ్మేశాడు. ఇప్పుడు భూమికి విలువ కట్టే కౌంటీ అప్రైజల్ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. భూమిని దేనికి వాడుతున్నారో చూపించండి, లేకుంటే మార్కెట్ విలువ మీద పన్ను వేస్తాం అని. ఆ పన్నే కట్టాల్సి వస్తే భూమి అమ్ముకోవడం తప్ప దారి లేదు.

మేకలకు బదులు వన్యప్రాణుల కోసం భూమిని చూసుకుంటున్నామని చూపినా అదే రాయితీ ఉంటుందని నాతో పనిచేసే ఒకాయన అన్నాడు. వన్యప్రాణులకు మాకు కొదవ లేదు. సాయంత్రం మొక్కజొన్న గింజలు చల్లే ఫీడర్ తిరిగిన చప్పుడు వినగానే ముప్పై దాకా జింకలు వచ్చేస్తాయి. ఎక్కువ భాగం మన చుక్కల దుప్పులే. గుంటూరు నుంచి వచ్చిన నాన్న వరండాలో కూర్చుని వాటికి పేర్లు కూడా పెట్టేశారు. ఫొటోలు బోలెడు ఉన్నాయి. అవి పంపితే సరిపోతుందా? 42 ఎకరాలు తక్కువంటారా? తుపాకీ ముట్టకుండా ఈ పని జరుగుతుందా? మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు.

వేరుశనగ

ఏమైనా పంపండి గానీ ఆ దుప్పుల ఫొటోలు మాత్రం పంపకండి.

రాళ్ళగుట్ట

ఎందుకని?

వేరుశనగ

చట్టం అడిగేది స్థానిక వన్యప్రాణులను. దుప్పి టెక్సాస్‌ది కాదు. మనలాగే వలస వచ్చింది, కాకపోతే 1932లో.

ఈసారైనా_లాటరీ

దానికి గ్రీన్ కార్డు వచ్చినట్టుంది, మనమే వరుసలో ఉన్నాం.

కంచెరాట

వేరుశనగ గారు చెప్పింది నిజమే, కానీ కంగారు పడాల్సినంత లేదు. మాది కెర్‌విల్ వైపు. మేమూ ఈ దారిలోనే వచ్చాం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

1995లో టెక్సాస్ ఓటర్లు రాజ్యాంగ సవరణ ఒకటి ఆమోదించారు. పంటకూ పశువులకూ వాడినట్టే, వన్యప్రాణుల కోసం భూమిని సాకడం కూడా వ్యవసాయ వాడకమే అని. దీనితో పన్ను మరింత తగ్గుతుందని ఆశపడి కొందరు వస్తారు. తగ్గదు. మేకలు ఉన్నప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే.

మీరు ముందుగా చూసుకోవాల్సింది గడువు. ఈ మార్పు చేసుకోవాలంటే అంతకు ముందు ఏడాది ఆ భూమి వ్యవసాయ లెక్కలో ఉండి తీరాలి. ఒకసారి ఆ హోదా జారిపోయిందా, నేరుగా వన్యప్రాణుల కిందకు రానివ్వరు. మళ్ళీ మేకలతో మొదలుపెట్టి ఏళ్ళు ఈడ్చాలి. మీకు నిరుటి హోదా ఉంది. ఏప్రిల్ 30 లోపల 50-129 నంబరు దరఖాస్తు, దానికి జతగా పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వారి 885 నంబరు ప్రణాళిక పత్రం నింపి అప్రైజల్ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఉత్తరానికి జవాబు విడిగా రాయండి, ఈ రెండూ కలిపేయకండి.

ఎకరాల గురించి అందరూ బెదిరిస్తారు. కనీస విస్తీర్ణం నిబంధన వర్తించేది నిరుటి కంటే భూమి తగ్గినప్పుడే, అంటే ముక్కలు చేసి అమ్మినప్పుడు. మీది ముందు ఎంతో ఇప్పుడూ అంతే అయితే 42 ఎకరాలకు అడ్డు లేదు.

ఇక పని. ఏడు రకాల పనులు చెబుతారు. ఆవాసాన్ని బాగుచేయడం, నేల కోతను ఆపడం, ఇతర జీవులను తినే జంతువుల అదుపు, అదనంగా నీరు, అదనంగా మేత, గూళ్ళూ దాక్కునే చోట్లూ, లెక్కింపు. వీటిలో ఏటా మూడు తగ్గకుండా చేయాలి, చేసినట్టు రుజువులు ఉంచుకోవాలి. ఫీడర్ కింద చల్లిన మొక్కజొన్నను మేత అని చూపితే చాలా చోట్ల ఎర అని కొట్టేస్తారు.

మీ కౌంటీకి ఆ శాఖ జీవశాస్త్రజ్ఞుడు ఒకరు ఉంటారు. ఫోన్ చేస్తే వచ్చి భూమంతా నడిచి చూసి ఏం చేయాలో రాసిస్తారు. పైసా తీసుకోరు. డబ్బులు తీసుకుని అదే పని చేసే కన్సల్టెంట్లు కూడా ఉన్నారు, వారి ప్రకటనలే ముందు కనిపిస్తాయి.

సమోసా_డాట్_నెట్

ప్రభుత్వం వారు ఉచితంగా వచ్చి మన భూమి నడిచి చూస్తారా? వచ్చి ఏదో ఒక తప్పు పట్టుకుని జరిమానా వేసి పోరు కదా?

కంచెరాట

పోరు. వారు పన్ను శాఖ వాళ్ళు కాదు. మన అనుమతి లేకుండా గేటు దాటరు. టెక్సాస్‌లో నూటికి తొంభై పాళ్ళకు పైగా భూమి ప్రైవేటు చేతుల్లో ఉంది. భూమి గలవాళ్ళతో స్నేహంగా ఉండకపోతే ఆ శాఖకు పని చేయడానికి చోటే లేదు.

రాళ్ళగుట్ట

చాలా ధన్యవాదాలు. ఫోన్ చేస్తాను. కానీ దుప్పుల సంగతి ఇంకా మింగుడు పడలేదు. గడ్డి తినే జంతువు గడ్డి తింటుంది, ఏ దేశానిదైతే ఏమిటి? పైగా తెల్లతోక జింకలు కూడా వస్తున్నాయి, రెండూ పక్కపక్కనే తింటున్నాయి, కొట్టుకోవడం ఎప్పుడూ చూడలేదు.

పశువుల_డాక్టరు

కొట్టుకోవు. ఆ అవసరం దుప్పికి లేదు.

తెల్లతోక జింక గడ్డి మేసే జంతువు కాదు. లేత గడ్డి మొలకలు కాస్త కొరుకుతుంది, అంతే. ముదిరిన గడ్డిని అరిగించుకునే కడుపు దానికి లేదు. దాని తిండి వెడల్పాకు కలుపు మొక్కలు, పొదల చిగుళ్ళు, ఓక్ కాయలు. దుప్పి కూడా ఇవన్నీ తింటుంది. ఇవన్నీ అయిపోయాక దుప్పి తల దించి గడ్డి మేస్తుంది, ఒళ్ళు తగ్గదు. తెల్లతోక జింక గడ్డి మధ్య నిలబడి ఆకలితో చస్తుంది.

ఇది ఊహ కాదు. 1970 దశకంలో కెర్ వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియా అనే ప్రభుత్వ వన్యప్రాణి క్షేత్రంలో 96 ఎకరాల చుట్టూ కంచె వేసి ఆరు తెల్లతోక జింకలను, ఆరు దుప్పులను వదిలారు. ఆ దశకం ముగిసేసరికి దుప్పులు పెరిగాయి, తెల్లతోక జింక ఒక్కటీ మిగలలేదు. పైగా దుప్పి ఏడాది పొడవునా ఈనుతుంది. తెల్లతోక జింకకు చలికాలపు ముంగిట ఒక్క రుతువు, ఎండాకాలం ముంగిట పిల్లలు.

రాళ్ళగుట్ట

నాన్నకు చదివి వినిపించాను. "అయితే ఈ దుప్పులను తెచ్చి వదిలింది ఎవరు?" అని అడిగారు.

వేరుశనగ

రాంచ్ యజమానులే. వేటకూ, అందానికీ. దుప్పితో పాటే మన కృష్ణజింకనూ తెచ్చారు, దక్షిణాన నీల్‌గాయ్‌ని కూడా వదిలారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణ రాష్ట్ర జంతువు దుప్పి. రెండూ హిల్ కంట్రీలో సంసారం పెట్టాయి. విడిపోయింది మనమే.

జొన్నకంకి

మాది నారాయణపేట జిల్లా, కృష్ణ ఒడ్డు. మా అల్లుడు డాలస్‌లో ఉంటాడు, చదవమని పంపితే చదివాను. ఒక్క మాట అడుగుతాను. మీకు జింకలు ఉంటే పన్ను తగ్గిస్తారా?

మా దగ్గర కృష్ణజింకలు మందలు మందలుగా ఉన్నాయి. పత్తి, కంది మొలిచి రెండాకులు వేయగానే వచ్చి తల కొరికేస్తాయి. తిన్నది కొంత, తొక్కింది కొంత. మళ్ళీ విత్తనం కొనాలి, మళ్ళీ కూలి పెట్టాలి. వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు కాబట్టి చేయి ఎత్తడానికి లేదు. ఎత్తాలనీ లేదు, అది వేరే సంగతి. పాత చీరలు చేను చుట్టూ కడతాం. కొన్నాళ్ళు బెదురుతాయి, తరవాత చీర కిందనుంచే దూరి వస్తాయి. మంచె మీద మనిషి ఉంటే ఆ చివరన తింటాయి, మనిషి ఆ చివరకు పోతే ఈ చివరన తింటాయి. మాకు శిస్తు అయితే లేదు గానీ, దాంతో పాటు పంట కూడా లేకుండా పోతోంది.

ఈసారైనా_లాటరీ

పెద్దాయనా, ఇక్కడి రాంచ్‌లలో కృష్ణజింక మగదాన్ని వేటాడడానికి వేల డాలర్లు ఇస్తారు.

జొన్నకంకి

మా మంద మొత్తం ఎక్కించి పంపుతాను. రవాణా ఖర్చు మాత్రం మీదే.

తులసికోట

మాట వేట వైపు వెళ్తోంది కాబట్టి అడుగుతున్నాను. రాళ్ళగుట్ట గారు మొదట్లోనే చెప్పారు, ఇంట్లో మాంసాహారం లేదని. జింకలను వాటి మానాన వదిలేస్తే ఏమవుతుంది? ప్రకృతే సరిచేసుకుంటుంది. మనిషి వేలు పెట్టిన ప్రతిచోటా పాడవుతోంది.

కంచెరాట

తులసికోట గారూ, వేలు పెట్టి వందేళ్ళు దాటింది. మేకలూ గొర్రెలూ పెంచినవాళ్ళు ఇక్కడ తోడేళ్ళను మిగలనివ్వలేదు. ఆపైన స్క్రూవర్మ్ కథ ఉంది. పుట్టిన జింక పిల్ల బొడ్డు పుండులో ఈగ గుడ్లు పెట్టేది, పురుగులు బతికున్న మాంసాన్నే తినేవి. పశువుల కోసమని, పిల్లలు పుట్టకుండా చేసిన ఈగలను విమానాల నుంచి వదిలి, 1966 నాటికి దేశంలో దాన్ని నిర్మూలించామని ప్రకటించారు. పశువులు బాగుపడ్డాయి, వాటితో పాటు జింక పిల్లలూ బతికాయి. చంపేవి రెండూ పోయాక జింకలు దేశంలోనే అత్యంత కిక్కిరిసి ఉండే ప్రాంతాల్లో ఇది ఒకటైంది.

వాటి మానాన వదిలితే ఏమవుతుందో మా పక్క భూమిలో చూశాను. కరువు ఏడాది ఫిబ్రవరిలో తుంటి ఎముకలు బయటికి పొడుచుకొచ్చిన జింకలు సీడర్ (ఇక్కడి జూనిపర్ చెట్టు) ఆకు నములుతూ కనిపిస్తాయి. సీడర్ వాటికి సరిపడే తిండి కాదు, ఇంకేమీ లేనప్పుడు తినేది. ప్రకృతి సరిచేసే పద్ధతి అదే.

తులసికోట

ఆ ఆకలి చావుకు మీరు పెట్టే మందు తూటా. నాకు రెండింటిలో పెద్ద తేడా కనిపించడం లేదు.

కంచెరాట

చచ్చే జింకకు తేడా లేకపోవచ్చు. ఆ కింద మొలిచే ఓక్ మొక్కకు ఉంది. మా ఇంట్లో నేనొక్కడినే మాంసం తింటాను, నేనూ తుపాకీ పట్టను. నవంబరు మొదటి శనివారం సీజన్ మొదలవుతుంది. ఊళ్ళోని తండ్రీకొడుకులకు అనుమతి ఇస్తాను, కొమ్ముల మగవాటి కంటే ఆడ జింకలను తగ్గించండి అని షరతు. తెల్లతోక జింక మీద హక్కు రాష్ట్ర ప్రజలది, నాది కాదు, కాబట్టి లైసెన్సు, ట్యాగు, సీజన్ అన్నీ పాటించాల్సిందే. వాళ్ళకు మిగిలిన మాంసం హంటర్స్ ఫర్ ది హంగ్రీ ద్వారా ఆహార బ్యాంకుకు వెళ్తుంది. దుప్పికి సీజన్ లేదు, ఏడాదిలో ఎప్పుడైనా సరే, వేట లైసెన్సు మాత్రం ఉండాలి.

రాళ్ళగుట్ట గారు వేట లేకుండానే ప్రణాళిక రాసుకోవచ్చు, అది తప్పేమీ కాదు. అసలు 42 ఎకరాల్లో జింకను పోషించడం అన్నదే నాకు అంత నచ్చదు. జింక తిరిగే మేర వందల ఎకరాలు. మీ దగ్గర తిని, పక్కవాడి దగ్గర పడుకుని, మూడోవాడి దగ్గర ఈనుతుంది. చిన్న భూమికి పిట్టలను లక్ష్యంగా పెట్టుకోవడం మేలు.

సమోసా_డాట్_నెట్

హెచ్‌1బి మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని విన్నాను, నిజమేనా?

వేరుశనగ

మామూలుగా కూడదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే ఫెడరల్ చట్టంలో మినహాయింపు ఉంది. ఇలాంటివి వేదికలో చదివి కాదు, వకీలును అడిగి చేయండి.

పెరటి_గోంగూర

న్యూజెర్సీ నుంచి. మాకు పన్ను రాయితీ లేదు, 42 ఎకరాలూ లేవు, పెరడు ఉంది. గోంగూర మొత్తం కాండాలు మిగిల్చి తినేసింది. చిక్కుడు తిన్నది, బెండ తిన్నది. పచ్చిమిర్చి వదిలింది. ఆంధ్ర జింక కాదని అప్పుడు నమ్మకం కుదిరింది.

ఎర్రమట్టి

అందరూ జింకల మీద పడ్డారు, అసలు శత్రువు సీడర్. మా 60 ఎకరాల్లో కోత యంత్రం పెట్టించి ఒక్క సీడర్ లేకుండా లేపేశాం. ఇప్పుడు గడ్డి మోకాలి దాకా ఉంది. చెట్టు నీళ్ళన్నీ తాగేస్తుంది, తీసేస్తే ఊట వస్తుంది. రాళ్ళగుట్ట గారూ, మొదటి ఏడాదే మొత్తం తీయించండి, ప్రణాళికలో ఆవాసం బాగుచేయడం కింద రాసుకోండి.

పిట్టలదొర_కాదు

అయ్యా, మొత్తం తీయించకండి. ముందు ఇది చదవండి.

గోల్డెన్ చీక్డ్ వార్బ్లర్ అని బుగ్గలు పసుపుగా ఉండే చిన్న పిట్ట ఉంది. ప్రపంచం మొత్తంలో అది గూడు కట్టేది టెక్సాస్‌లోనే. ముసలి సీడర్ బెరడు పేలికలుగా లేస్తుంది కదా, ఆ పేలికలను సాలెగూటి దారాలతో కలిపి గూడు అల్లుతుంది. కుర్ర సీడర్‌కు ఆ బెరడు ఉండదు. 1990 నుంచి అంతరించే జాతుల జాబితాలో ఉంది. మార్చిలో వస్తుంది, ఎండాకాలం ముగిసేలోపు మెక్సికో వైపు వెళ్ళిపోతుంది. వాగు గట్ల మీద, లోయ వాలుల మీద ఓక్‌లతో కలిసి పెరిగిన ముసలి సీడర్ల జోలికి పోతే ఫెడరల్ చట్టం వస్తుంది. మైదానంలో గడ్డి మీదకు పాకిన కుర్ర సీడర్ తీయండి, ఎవరూ అడ్డుకోరు.

ఎర్రమట్టి

మా దాంట్లో అలాంటి పిట్ట ఏదీ లేదు.

పిట్టలదొర_కాదు

ఇప్పుడు ఉండదు.

వేరుశనగ

అబ్బో.

కంచెరాట

ఎర్రమట్టి గారి గడ్డి మాట నిజం, ఊట మాట అన్నిచోట్లా నిజం కాదు, కింద రాయి ఎలాంటిదో దాన్ని బట్టి. ఇక్కడి సీడర్‌ను, అంటే ఆష్ జూనిపర్‌ను, నేలమట్టానికి కోస్తే మళ్ళీ చిగురించదు, అది మన అదృష్టం. మందు పోయక్కర్లేదు, వేరు పెరికి నేల కదపక్కర్లేదు. కోసిన కొమ్మలను తగలబెట్టకుండా వాలు మీద బోసి నేలపై పరిచేయండి. వాన నీరు ఆగుతుంది, ముళ్ళ కొమ్మల మధ్య మొలిచిన గడ్డిని ఏదీ మేయలేదు. నేల కోత ఆపడం కింద ఇది కూడా లెక్కకు వస్తుంది.

ఇంకొకటి, దీన్ని పక్కన పెట్టకండి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ కొమ్మ కోయవద్దు, గాయపరచవద్దు. ఓక్ విల్ట్ అనే శిలీంధ్రపు తెగులును ఆ నెలల్లో పురుగులు పచ్చి గాయం మీదకు మోస్తాయి. లైవ్ ఓక్‌ల వేళ్ళు కింద ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి, ఒక చెట్టుకు వస్తే వరుసగా తోపంతా పోతుంది. ఏ నెలలో కోసినా గాయానికి వెంటనే రంగు పూయండి. మామూలు గోడ రంగైనా సరే. సీడర్ తీసే యంత్రం వాడు ఓక్ బెరడు గీరి పోతాడు, పక్కనే రంగు డబ్బా పట్టుకుని నిలబడాలి.

పశువుల_డాక్టరు

మొక్కజొన్న సంగతి ఎవరూ గట్టిగా చెప్పలేదు. రాళ్ళగుట్ట గారూ, ఆ ఫీడర్ ఆపేయండి. మొక్కజొన్నలో పిండి తప్ప పెరిగే పిల్లకు కావాల్సిన మాంసకృత్తులు పెద్దగా లేవు. నిలవ బస్తాకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ వస్తుంది, నేల మీద గింజలు తినే టర్కీలు, కౌజులు దానికి ముందు పోతాయి. గింజల వాసనకు అడవి పందులు, రకూన్లు వస్తాయి. రకూన్ మీ ఫీడర్ దగ్గర తిని పక్కనే టర్కీ గుడ్లు కూడా తినేసి వెళ్తుంది.

వీటన్నిటికీ మించి సిడబ్ల్యుడి. జింకల మెదడును తినేసే జబ్బు. మందు లేదు. లాలాజలంతో, పేడతో పాకుతుంది, మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. టెక్సాస్‌లో మొదట 2012లో పడమటి కొసన మ్యూల్ జింకల్లో దొరికింది, 2015లో మెడీనా కౌంటీలో పెంపకపు జింకల్లో. ముప్పై జింకలు ఒకే చోట మూతులు కలిపి తినడం దానికి ఎంత సులువో ఆలోచించండి.

రాళ్ళగుట్ట

ఫీడర్ ఆపమంటే ఇంట్లో యుద్ధం. నాన్న రెండు రోజులుగా నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు.

జొన్నకంకి

ఆయనకు నా మాటగా చెప్పండి. గొడ్డుకు మేత వేసి రప్పించుకున్నాక, అది చేలో పడిందని ఏడవకూడదు. మా ఊళ్ళో కూడా ఎండాకాలం జింకలకు నీళ్ళ తొట్లు పెట్టారు, పుణ్యం అని. పుణ్యం పెట్టినవాడికి, పత్తి నాకు.

తులసికోట

నీళ్ళు కూడా పెట్టవద్దంటారా ఇప్పుడు?

జొన్నకంకి

పెట్టండమ్మా. మా చేనుకు దూరంగా పెట్టండి.

వేరుశనగ

నీటి తొట్టి పెట్టేటప్పుడు లోపల ఏటవాలుగా రాళ్ళు పేర్చండి లేదా ఇనుప జాలీ మెట్టు వేయండి. లేకపోతే తాగడానికి వంగిన పిట్టలు, ఉడతలు పడి మునిగి చస్తాయి, ఆ నీళ్ళు ఇక ఏదీ తాగదు.

సమోసా_డాట్_నెట్

వేట లీజుకు ఇస్తే డబ్బులు వస్తాయి కదా, ఆ సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

కంచెరాట

42 ఎకరాలకు వచ్చేది బీమాకే సరిపోతుంది. చుట్టుపక్కల అయిదారుగురు కలిసి ఒకటే ప్రణాళికగా నడుపుకుంటే అర్థం ఉంది. మేము అలాగే చేశాం, ఏటా సీజన్ ముందు ఒకరి ఇంట్లో కూర్చుని లెక్కలు కలుపుకుంటాం. సగం సమయం పక్కవాడి కుక్క మీద ఫిర్యాదులతోనే పోతుంది.

రాళ్ళగుట్ట

వచ్చి వెళ్ళారు. కౌంటీ జీవశాస్త్రజ్ఞురాలు, మా అమ్మాయి కంటే పెద్దది కాదు, ఉదయం ఎనిమిదింటికి వచ్చి మధ్యాహ్నం దాకా నడిచింది. నేనూ నాన్నా వెనకాల.

ముందుగా ఆమె చూపించింది చెట్లను కాదు, చెట్ల కింద ఖాళీని. లైవ్ ఓక్‌ల కింది అంచు అంతా ఒకే ఎత్తులో, నా ఛాతీ దగ్గర, గీత గీసి కోసినట్టు ఉంది. ఇన్నాళ్ళూ నేను అది చెట్టు అందం అనుకున్నాను. జింక మెడ చాచితే అందేంత మేర ఆకు మిగల్లేదన్నమాట. తరవాత మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిలో ఒక మొక్క చూపించింది. స్పానిష్ ఓక్. కాండం నా బొటనవేలంత లావు, ఎత్తు జానెడు. ఏటా చిగురు వేస్తోంది, ఏటా కొరికేస్తున్నాయి. వయసు పదేళ్ళు దాటి ఉంటుందని చెప్పింది. అలాంటివి మా గుట్ట మీద ఎక్కడ చూసినా ఉన్నాయి, ఒక్కటీ చెట్టు కాలేదు. పెద్ద ఓక్‌లు పడిపోతే వాటి వెనక వచ్చేవి ఏవీ లేవు.

నాన్న ఆ మొక్క దగ్గర చాలాసేపు కూర్చున్నారు. ఫీడర్ గురించి నేనేమీ అనలేదు, ఆయనే ఆపేశారు.

ప్రణాళిక ఇలా రాసింది. మైదానంలో కుర్ర సీడర్ కొంచెం కొంచెంగా తీయడం, వాగు పక్కన ముట్టుకోకపోవడం. రెండు నీటి తొట్లు. పిట్టల గూటి పెట్టెలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మగ, ఆడ, పిల్ల విడివిడిగా జింకల లెక్కింపు, ఆ పని నాన్నది. దుప్పులను కూడా లెక్క రాయమంది, రాయితీ కోసం కాదు, భారం ఎంతో తెలియడానికి. వేట సంగతి మీ ఇష్టం అని వదిలేసింది, కానీ దుప్పులు ఈ లెక్కన ఉంటే మిగతా పనుల ఫలితం సగమే కనిపిస్తుందని స్పష్టంగా చెప్పింది. మా ఆవిడ ఇంకా ఆలోచిస్తోంది. కంచెరాట గారి ఊళ్ళోని తండ్రీకొడుకుల లాంటి వాళ్ళు మా వైపు దొరుకుతారేమో అడుగుతోంది కూడా.

దరఖాస్తు ఇచ్చాను, రసీదు తీసుకున్నాను. ఒక చిక్కు మిగిలింది. పక్క కొత్త యజమాని మా కంచె వెంబడే ఫీడర్ పెట్టాడు. మా దుప్పులన్నీ ఇప్పుడు అక్కడ తిని, పడుకోవడానికి మా దగ్గరకు వస్తున్నాయి.

కంచెరాట

మంచి పని చేశారు. పక్కాయనతో ఫీడర్ గొడవతో మొదలుపెట్టకండి. ఆయనకూ పన్ను ఉత్తరం వచ్చే ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి. ప్రతి కౌంటీలో ఎవరో ఒకరు ఆడ జింకలను తగ్గించడానికి సిద్ధంగా ఉన్న మంచి వేటగాళ్ళు ఉంటారు, ఆ అమ్మాయినే అడగండి.

ఎర్రమట్టి

సీడర్ మొత్తం తీయకపోతే పదేళ్ళలో మళ్ళీ అంతా కమ్మేస్తుంది. నేను చెప్పానని గుర్తుంచుకోండి.

పిట్టలదొర_కాదు

ఏటా కుర్రవాటిని పీకుతుంటే కమ్మదు. చేత్తో పట్టే కత్తెర చాలు.

రాళ్ళగుట్ట

ఓక్ మొక్కల చుట్టూ తీగ వల కట్టమంది. ఎంత ఎత్తు, ఎలాంటిది కొనాలి? ముందు ఓ ఇరవై మొక్కలు కాపాడదామని.

జొన్నకంకి

నాకూ చెప్పండి. కంది మొత్తానికి కట్టలేను గానీ, గట్టు మీద వేసిన మామిడి మొక్కలకు పనికొస్తుంది.

వేరుశనగ

వెల్డింగ్ చేసిన గళ్ళ వల తీసుకోండి, కోళ్ళకు వాడే పలచటిది వద్దు, వంగిపోతుంది. అయిదడుగుల ఎత్తు. చుట్ట మధ్యలో మొక్క, చుట్టూ రెండడుగుల ఖాళీ ఉండాలి, లేకపోతే మూతి దూర్చి చిగురు లాగుతాయి. ఇనుప పోస్టులు రెండు దిగ్గొట్టండి. ఒక్క పోస్టుతో వదిలేస్తే మగ దుప్పి కొమ్ములు రాసుకోవడానికి వచ్చి చుట్ట మొత్తం ఈడ్చి పడేస్తుంది. కింది అంచును రాళ్ళతో అదిమిపెట్టండి. మీకు రాళ్ళకు కొదవ లేదనుకుంటాను.